రాజలింగు మిద్దె దూలాలు

పన్నెండేళ్లుగా ఒక ఇంటి పైకప్పును నెత్తిన మోస్తున్నాను. ఆ ఇల్లు నాది కాదు. ఆ కప్పు ఇప్పుడు లేదు కూడా. లేకుండా చేసింది నేనే. నువ్వు నన్ను ఎరగవు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖనిలో బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా పనిచేశాను. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం మా పని. అంతకంటే ముందు కప్పును ఇనుప రాడ్డుతో కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే ఊడిపడేది. నేను "మంచిగున్నది" అన్నాకే మిగతావాళ్లు దాని కిందికి వచ్చేవారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పు చెప్పలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే చెబుతున్నానేమో, తెలియదు.

రాజలింగు మా గ్యాంగువాడే. నాకంటే చిన్నవాడు, పక్క క్వార్టర్‌లో ఉండేవాడు. ఒక ఏడాది మా క్వార్టర్ ముందరి గదికి గులాబీ రంగు వేయించాను. గోడకు అద్దాల షోకేసు, పైన ప్లాస్టర్ పూలు. అంతవరకు కంపెనీ వేసే సున్నం తప్ప మరో రంగు ఎరగని ఇల్లు అది. రాజలింగు వచ్చి గడపలో నిలబడి నవ్వాడు.

"ఏందన్నా, బ్యాండుమేళం బండి లెక్క చేసినవ్!"

అక్కడున్న నలుగురూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. అతను ఆ మాటను సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు. ఆ నవ్వు తప్పేనని ఇప్పటికీ అంటాను. అందులో మాత్రం వెనక్కి తగ్గను.

తెలంగాణ రావడానికి కొంచెం ముందు, ఆయాసం ముదిరి రాజలింగు బాయి పని మానేశాడు. ఊరి చివర అతని మేనమామ వదిలిపోయిన పాత మిద్దె ఉంది. దాన్ని బాగుచేయించుకుని అక్కడికి మారాలనుకున్నాడు. చూసి పొమ్మని నన్నూ నా భార్యనూ పిలిచాడు.

నడిమి హాలు పెద్దది. టేకు దూలాలు, వాటి మీద చెక్కలు, ఆపైన మట్టి, గచ్చు. బయట ఎండ మండిపోతోంది. లోపల కుండనీళ్ల చల్లదనం. దూలాలకు వార్నిష్ వేయిస్తామని, గోడలకు తెల్ల రంగు చాలని రాజలింగు భార్య లక్ష్మి చెబుతోంది. నా భార్య తలెత్తి చూస్తూ నిలబడిపోయింది.

"ఎంత మంచిగున్నదే లక్ష్మీ! పాణం చల్లవడ్డది."

మా గులాబీ గదిని చూసి ఆమె ఏనాడూ అలా అనలేదు.

"మేస్త్రీ కప్పు ఉంచుమంటుండు," అన్నాడు రాజలింగు. "లక్ష్మికేమో భయం, మీద పడ్తదని. నువ్వు కొట్టి చూడే అన్నా. నీ చెవి ముందట మేస్త్రీలెంత? గీ చల్లదనంల నాకు ఆయాసం గూడ తక్కువైతున్నది."

నిచ్చెన ఎక్కాను. ఒక చెయ్యి దూలానికి ఆనించి, మరో చేత్తో రాడ్డు పట్టి కొట్టాను. ఖంగుమంది. రెండోది, మూడోది, చివరిది. అన్నీ గట్టివే. కింద ముగ్గురూ నా ముఖం చూస్తున్నారు.

"డొల్ల," అన్నాను.

"అన్నియా?"

"అన్ని. లోపల చెద తిన్నది. ఉంచుకుంటె మీ ఇష్టం."

"నువ్వన్నంక ఇంకేంది? తీసేద్దాం."

అతనూ బాయి మనిషే. ఆ ఖంగు అతని చెవిన కూడా పడింది. అయినా బాయిలో రాడ్డు పట్టినవాడి మాటే చివరిది. తన చెవిని కాదని నా మాటను నమ్మాడు.

ఎందుకు చెప్పాను? కాసేపు భయపెట్టి, సాయంత్రం వెళ్లి నిజం చెబుదామనుకున్నానా? లేదు, అది తర్వాత నాకు నేను కల్పించుకున్న మాట. అతను ఆ చల్లని హాల్లో కాళ్లు చాపుకుని కూర్చుంటాడని, నా భార్య అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి ఆ దూలాల వైపు చూసి, ఇంటికొచ్చి మా గదిని చూసి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోతుందని, ఆ ఊహ ఒక్కటే ఓర్వలేకపోయాను.

కప్పు దించిన రోజు నేను వెళ్లలేదు. దూలాలను ఎవరో కోతమిషన్‌కు తీసుకుపోయారు. కోసినప్పుడు లోపల ఏముందో రాజలింగుకు ఎవరైనా చెప్పారా? చెప్పినా నన్ను అడగలేదు. గృహప్రవేశం నాడు మాత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెట్టాడు. "మా పాణాలు కాపాడిండు అన్న," అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆ బట్టలు తీసుకున్నాను.

మొన్న ఎండాకాలం వాళ్లింటికి వెళ్లాను. పైన సిమెంటు స్లాబు. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు రాజలింగు.

"ఇల్లు పొయ్యి లెక్కున్నదే అన్నా. అయినా ఫికర్ లేదు. మీద వడదు."

నోరు తెరిచాను. మంచినీళ్లు అడిగాను.

అతనికి చెప్పలేదు. చెబుతానని మాట కూడా ఇవ్వలేను. నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు, అది నీ చేతిలో లేదు. ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది, అంతే. ఆ దూలాలు గట్టివి. ఒక్కదానికి కూడా చెద లేదు.