లక్ష కూర్పుల తాళం, ఒక గొర్రె

మీరిప్పుడు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో లక్ష మంది శత్రువులున్నారు. మాట పడిపోయిన నాయకుడున్నాడు. ముంచుకొస్తున్న గడువుంది. అయితే ఆ శత్రువులు ఇత్తడి తాళంలోని అక్షరాల కూర్పులు, యుద్ధభూమి ఒక గొర్రెల కాపరి ఇల్లు, నేను తాండూరు బజారులో తాళాలు బాగుచేసేవాణ్ణి. అందుకని గాథను కుదించి చెబుతాను.

అది 1956. దుకాణం మా మేనమామది. బోర్డు మీద పేరు ఆయనది, పని నాది. ఒక గురువారం పొద్దున రైలు దిగి నేరుగా మా దుకాణానికి వచ్చింది సాయమ్మ. వికారాబాదు పక్కన, అనంతగిరి కొండల కింద వాళ్ళ ఊరు.

“కొడుకా, మా ఆయినెకు వాతం కొట్టింది. మాట పడిపాయె, కుడి చెయ్యి పడిపాయె. పెట్టెకు ఇంగ్లీషు తాళమేసిండు. సోమారం కచేరిల పేషి ఉన్నది.”

భర్త పేరు మల్లయ్య. గొర్రెలు కాస్తూనే ఒక భూస్వామి నాలుగెకరాలు ఏళ్ళ తరబడి కౌలుకు దున్నాడు. కొత్త చట్టం కింద ఆయనకు ప్రొటెక్టెడ్ టెనెంట్ సర్టిఫికెట్ వచ్చింది. అంటే ఆ కౌలుదారును ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టడానికి లేదు. ఇప్పుడు భూస్వామి, వీళ్ళు నా చేను దున్ననే లేదంటున్నాడు. సోమవారం పేషీలో, అంటే విచారణలో, కాగితం చూపిస్తే భూమి ఉంటుంది, లేకపోతే పోతుంది. కాగితం పెట్టెలో ఉంది.

“రంపంతో కోస్త పెద్దమ్మా. రెండు నిమిషాల పని.”

“కోసేటందుకైతే మా ఊర్ల కమ్మరి లేడా? మా ఇంట్ల తాళం పలిగింది ఒక్కపారే, జప్తుకొచ్చినప్పుడు. మనిషి బతికుండంగ ఆయిన పెట్టె పలగ్గొడితే, సచ్చిండని నేనే చాటింపేసినట్టు గాదా?”

నా దగ్గర ప్రతి మాటకూ ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. దాన్నీ రంపాన్నీ దుకాణంలోనే వదిలి ఆమె వెంట రైలెక్కాను.

పెట్టెకున్నది లెటర్ లాక్. చెవి ఉండదు. ఐదు చక్రాలు, ఒక్కో చక్రం మీద పది ఇంగ్లీషు అక్షరాలు. యజమాని ముందే ఎంచుకున్న ఐదక్షరాలు ఒకే వరసలోకి వస్తేనే తెరుచుకుంటుంది. లెక్కకు లక్ష కూర్పులు. కొక్కెం లాగి పట్టుకుని చక్రాలు తిప్పితే సరైన అక్షరం దగ్గర కాస్త పట్టు తగులుతుందంటారు. ఈ తాళం చిలుము పట్టి అన్నిచోట్లా పట్టుగానే ఉంది. మల్లయ్య దీన్ని రైల్వేలో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట.

“అది మూస్తుంటే నువ్వు సూసినవా పెద్దమ్మా?”

“పక్కకెల్లి సూసిన. నడుమ గుండ్రంగ ఒకటుండె. ఇంకోటి కట్టె లెక్క నిలబడ్డది.”

అంటే మధ్యలో ఓ, ఎక్కడో ఒక ఐ. ఊళ్ళో బడి చెప్పే ఇంగ్లీషు సారును పిలిచాం. ఆయన డిక్షనరీని పసిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. అలాంటి ఐదక్షరాల మాటలు వెతకడం మొదలైంది. ఐవరీ, అంటే ఏనుగుదంతం. కాదు. అవాయిడ్, అంటే తప్పించుకోవడం. తాళం తప్పించుకుంది. పయస్, అంటే భక్తిపరుడు. సారుకు దీనిమీదే గురి.

“మల్లయ్య నిమ్మళమైన మనిషి. గిదే పెట్టుంటడు.”

“ఆయినెకు ఇంగ్లీషొస్తదా సారూ?”

“రాదు. ఎవరన్న చెప్పుంటరు.”

శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. సారు ఒక్కో మాట పైకి చదివినప్పుడల్లా మంచంలో మల్లయ్య ఎడమచేత్తో పట్టె మీద కొట్టేవాడు. బయట దొడ్డికేసి చూపించేవాడు. సాయమ్మ ఒక గొర్రెను లోపలికి లాక్కొచ్చేది. దాని వీపు మీద చరిచి చరిచి, చివరికి ఆయన తల గోడకేసి తిప్పుకునేవాడు.

“గొర్లకు మేత ఏసిన్రో లేదోనని ఫికర్,” అని ఆమె దానికి గడ్డి వేసేది. ఆ మూడు రోజుల్లో బాగుపడింది ఆ గొర్రె ఒక్కటే.

“పాపం, మతి గూడ పోయినట్టుంది,” అన్నాడు సారు మెల్లగా. మల్లయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాటే పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయని అప్పుడు తెలిసింది నాకు.

ఆదివారం మధ్యాహ్నానికి డిక్షనరీ ఆఖరి పేజీకి వచ్చింది. మర్నాడే పేషీ. సాయమ్మ అన్నం ముట్టలేదు. గొర్రె మాత్రం యథాప్రకారం హాజరైంది. ఎవరైనా నవ్వుతారేమోనని నేనన్నాను:

“ఇగ గీ గొర్రెనే అడుగుదాం సారూ. దీనికేమన్న ఇంగ్లీషొస్తదేమో!”

ఎవరూ నవ్వలేదు. మల్లయ్య మాత్రం పట్టె మీద ధనధనా కొట్టాడు. అప్పుడు గొర్రెను చూశాను. అంతకుముందు దాన్ని చూడలేదు, దాటుకుని తిరిగాను. మందలు కలిసిపోయినా తమవి తెలిసేందుకు ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గుర్తు వేసుకుంటారు. దీని వీపు మీద ఎర్ర జాజుమట్టితో ఉంది గుర్తు. కట్టె, కొమ్ములు, సున్నా, కొమ్ములు, కట్టె. మొత్తం ఐదు.

చక్రాలు తిప్పాను. ఐ, వీ, ఓ, వీ, ఐ. తాళం చప్పుడు కూడా చేయకుండా చేతిలోకి ఊడి వచ్చింది.

మల్లయ్య సగం మూతితో నవ్వాడు. సాయమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“నా చేత్తోని నేనేసిన గుర్తునే నాకు సూపెట్టబట్టె! నేనేమో గడ్డి ఏస్తున్న. తాళం ఇంగ్లీషుదని ఈ గుర్తు దిక్కే సూడకపోతి.”

సారు డిక్షనరీ మూసి మల్లయ్య ఎడమచెయ్యి పట్టుకున్నాడు. “మాఫ్ జెయ్యి మల్లయ్యా. మన నలుగుర్ల మతి ఉన్నది నీకొక్కనికే.”

సోమవారం కచేరీలో కాగితం చూపించారు. భూమి నిలిచింది.

ఈ పని నాకు నేర్పింది చిన్న విషయమే. తాళం మీద ఎవరి అక్షరాలున్నాయన్నది తర్వాతి సంగతి, దాన్ని వేసిన మనిషి ఎవరో ముందు చూడాలి. ఆ మనిషి ఎదురుగానే ఉంటే, మాట లేకపోయినా, ముందు అతన్నే అడగాలి. ఇది రాస్తున్నప్పుడు కొంచెం గంభీరంగానే ఉంది నాకు.

అయితే ఆ ఆదివారం కాగితం తీసుకున్నాక, ఊడ్చుకోవాలని సాయమ్మ ఆ పెట్టెను గోడ నుంచి జరపమంది. జరిపాను. వెనక మూతను పట్టి ఉంచే బందుల శీలలు రెండూ తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయాయి. వెనకనుంచి ఎత్తితే మూత లేస్తుంది.