అబిడ్స్‌లో నాన్న కనిపించారన్న సాక్షులు

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ అబిడ్స్ నుంచి వచ్చి, చేతిసంచి బల్ల మీద పెట్టి, "ఇవాళ మీ నాన్న కనిపించారే," అంది. మజ్జిగ ఉందా అని అడిగినంత మామూలుగా అంది. నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది.

నేను నాంపల్లి కోర్టులో స్టెనోని. సాక్షులు చెప్పేది టైపు చేయడం నా పని. చూశానని ప్రమాణం చేసినవాళ్ళందరూ చూసి ఉండరనీ, చూడలేదన్న వాళ్ళందరూ కళ్ళు మూసుకుని ఉండరనీ ఆ కుర్చీలో కూర్చునే నేర్చుకున్నాను. అందుకని కంగారు పడకుండా అమ్మను విచారణ చేశాను.

"ఎంత దూరం నుంచి చూశావు?"

"ఇక్కణ్ణించి మన వీధి గుమ్మమంత దూరం."

"మొహం చూశావా?"

"వీపు చూశాను. ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి మొహం కూడా కావాలా?"

"కళ్ళజోడు పెట్టుకున్నావా?"

"పెట్టుకోకపోతే పుస్తకాలెలా చూస్తానే? కోర్టులో కూడా ఇలాగే ప్రాణాలు తోడతారా?"

పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టి, ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ అబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకాలు చూడ్డానికి వెళ్ళేవారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే వెళ్తోంది. వారం మొత్తంలో ఆమె గడప దాటేది ఆ ఒక్క పూటే. ఆ పూట కోసం శనివారమే చీర ఇస్త్రీ చేయించుకుంటుంది.

నేను ఊరుకోలేక అన్నయ్యకు ఫోన్‌లో చెప్పాను. బషీర్‌బాగ్‌లో ఉంటాడు, బ్యాంకు ఉద్యోగం, అన్నీ ముందే తేల్చేసే మనిషి. సాయంత్రానికల్లా వచ్చి, "ఇక అమ్మను ఒంటరిగా పంపొద్దు. ఆదివారాలు బంద్. ముందు డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు. అమ్మ మడత పెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఒక్క వారం ఆగు. నేను కూడా వెళ్ళి చూసొస్తాను," అన్నాను.

"చూడ్డానికేముంది? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది నీ వరస."

"కట్టేసే ముందు దూడ ఉందో లేదో చూడాలి కదా అన్నయ్యా."

వాడు విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఏమీ తేలకపోతే మాత్రం అబిడ్స్ మాట మరిచిపోవాలన్నాడు.

మరుసటి ఆదివారం వెళ్ళాం. దారిలో తెలిసిందేమిటంటే, అమ్మకు ఇంకో సాక్షి కూడా ఉన్నాడు. నాన్నకు ఎప్పటినుంచో పుస్తకాలమ్మే ఆయన. నాన్న పోయిన సంగతి ఆయనకు తెలియదు. ముందు ఆయన దగ్గరికే వెళ్ళి, సార్ కనిపించారా అని అడిగాను.

"ఔ మేడం, సార్ పోయిన ఐతారం గూడ వచ్చిన్రు. గీడ్నే నిలవడ్డరు," అన్నాడు.

నేను తమాయించుకుని, "పక్కనే ఆకుపచ్చ గొడుగు వేసుకుని ఒకావిడ ఉంది కదూ?" అని అడిగాను.

"ఔ, ఉండె. పచ్చ గొడుగే."

ఆ గొడుగూ ఆవిడా నేను అప్పటికప్పుడు పుట్టించినవాళ్ళు. ఆయన అబద్ధాలకోరు కాదు. ఆ పేవ్‌మెంటు మీద 'లేదు' అనే మాట చెల్లదు, అంతే. ఏ పుస్తకం అడిగినా "ఉన్నది, జర వచ్చే వారం తెస్త," అంటాడు. అడిగినవాళ్ళ మొహం చిన్నబోవడం ఆయనకు ఇష్టముండదు. ఆయన సాక్ష్యం మనసులోనే కొట్టేశాను.

"పాపం, మంచివాడే," అంది అమ్మ.

"మంచివాడు కాబట్టే సాక్ష్యానికి పనికిరాడు," అన్నాను. అమ్మ మూతి ముడుచుకుంది.

జనంలో, ఆటోల హారన్లలో ఇంకాస్త ముందుకు నడిచాం. ఉన్నట్టుండి అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అదుగో."

ఎవరో ఒకాయన అటు తిరిగి, పుస్తకాల గుట్ట మీదికి వంగి ఉన్నాడు. నీలం గళ్ళ చొక్కా. నాన్న చొక్కా కాలర్ అరిగిపోతే అమ్మ దాన్ని ఊడదీసి, తిరగేసి కుట్టేది. ఆ నీలం చొక్కా కుట్టేనాటికి నీలం దారం అయిపోయి గోధుమరంగు దారం వాడింది. మెడ వెనక ఎవరు చూస్తారులే అని నాన్న దాన్నే ఆఫీసుకు వేసుకెళ్ళేవారు. నేను దూరం, వెలుతురు లెక్కగట్టుకుంటూనే దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇంకాస్త వంగాడు. కాలర్ అంచున గోధుమరంగు కుట్టు.

"నాన్నా," అని పిలుపు వినపడింది. అది నా గొంతే.

ఆయన తిరిగి చూశాడు. మీసాలాయన, నాకంటే చిన్నవాడు. "నన్నేనా మేడం?"

ఏం చెప్పాలో తెలియక చొక్కా ఎక్కడిదని అడిగాను. "గిదా? పాత బట్టల కాడ కొన్న. ఏంది, ఏమైంది?"

అప్పుడు గుర్తొచ్చింది. సంవత్సరీకాలయ్యాక అమ్మ నాన్న చొక్కాలన్నీ స్టీలు సామాన్లామెకు వేసి, గంటసేపు బేరమాడి, మూతతో సహా గిన్నె తీసుకుంది. గిన్నె ఎంత మందమో గోటితో కొట్టి చూసుకుంటాం గానీ, మూటగట్టిన బట్టలు ఎక్కడికి పోతాయో మన ఇళ్ళల్లో ఎవరమూ అడగం. అవి ఇస్త్రీ అయి, మళ్ళీ ఊళ్ళోకే వస్తాయి.

అమ్మ దగ్గరికొచ్చి ఆ కాలర్‌ను వేలితో తడిమి చూసింది. "కుట్టు ఊడలేదు," అంది. "నీకు బాగుంది నాయనా, వేసుకో." ఆయన అయోమయంగా నవ్వి వెళ్ళిపోయాడు. అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, అమ్మ మతి శుభ్రంగా ఉందన్నాను.

"చొక్కాను చూసి మనిషనుకోవడం మతి శుభ్రంగా ఉండటమా?" అన్నాడు.

"నేను కూడా 'నాన్నా' అని పిలిచాను అన్నయ్యా. నడిరోడ్డు మీద."

అటునుంచి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"ఆ నీలం గళ్ళదేనా?" అన్నాడు.

"అవును."

"వచ్చే ఆదివారం మీరు ఎన్నింటికి బయల్దేరతారు?"