గేటమ్మ ఓటు

గేటమ్మ ఎవరికీ ఎదురుచెప్పి ఎరగదు. బడిలో ఆమెది ఆయా పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడుతుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. మొగుడు పోయిన ఏడాది ఫాదర్ పిలిచి ఆ పని ఇచ్చారు. చర్చిలో పూజలు చేసే విచారణ గురువూ ఆయనే, బడికి పెద్దా ఆయనే. ప్రార్థన గంట కొట్టగానే గేటుకు తాళం పడాలన్నది ఆయన పెట్టిన నియమం. ఆలస్యంగా వచ్చిన పిల్లలు ప్రార్థన అయ్యేదాకా బయటే. ఊచలు పట్టుకుని ఏడ్చేవాళ్ళని చూడలేక ఆమె గోడవైపు తిరిగి నిలబడేది.

అలాంటి మనిషికి ఓటు వచ్చిపడింది. ప్రజాస్వామ్యం పాఠాల్లో ఉంటే చాలదనీ, ఆ నియమం ఉండాలో వద్దో అందరూ కలిసి తేల్చాలనీ కొత్త ప్రిన్సిపాల్ సిస్టర్ పట్టుబట్టారు. అందరూ అంటే టీచర్లు, కొందరు తల్లిదండ్రులు, చివరికి ఆయా కూడా.

"నాకెందుకు సిస్టర్ ఇవన్నీ? ఫాదర్ ఎలా అంటే అలాగే" అంది గేటమ్మ.

"ఆయనకీ ఒకటే ఓటు, నీకూ ఒకటే" అన్నారు సిస్టర్.

ఆ లెక్క ఆమె బుర్రకెక్కలేదు. ఎక్కకుండానే చీటీ మడిచి డబ్బాలో వేసొచ్చింది. ఒక్క ఓటు తేడాతో ఫాదర్ మాట ఓడిపోయింది.

ఇక చూడండి తంటా. ఆ ఒక్క ఓటూ తనదేనని ఆమెకి గట్టి నమ్మకం. మిగతావాళ్ళవీ ఓట్లేనని తోచదే! తాళం లేని గేటు చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది, ఫాదర్ ఎదురైతే తల వాలిపోతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాను కదా అని కుమిలిపోయింది. ఈ మనసుతో ఆదివారం పూజలో ఫాదర్ చేతి సత్ప్రసాదం ఎలా తీసుకోవడం? శనివారం సాయంత్రం, చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, ఆయన కూర్చున్న చెక్క జాలీకి ఇవతల మోకరించింది.

"ఫాదర్, మీకు వ్యతిరేకంగా ఓటేశాను."

జాలీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఇంకో చిక్కుంది ఫాదర్. మళ్ళీ చేయనంటేనే కదా మీరు క్షమించేది? రేపు మళ్ళీ ఓటు పెడితే నేను మళ్ళీ అలాగే వేస్తాను. తాళం పడితే పిల్లలు ఏడుస్తారు. మరి నాకు క్షమాపణ ఉన్నట్టా, లేనట్టా?"

"అది పాపం కాదమ్మా. రేపు సత్ప్రసాదానికి రా." ఆ గొంతులో ఉన్నది నవ్వో నొప్పో ఆమెకి తెలియలేదు.

"మరి ప్రాయశ్చిత్తం? మరియమ్మకి మూడు మంగళవార్త జపాలైనా చేయమనండి. ఊరికే పంపకండి."

"ఏమీ వద్దు. పాపాలైతే నాకు చెప్పాలి. ఓటు ఎలా వేశావో నాక్కూడా చెప్పక్కర్లేదు. అది నీది."

గేటమ్మ లేచి వచ్చి చర్చిలో బెంచీ మీద కూలబడింది. చిన్నప్పుడు అమ్మకి, పెళ్ళయ్యాక మొగుడికి, ఆ తర్వాత ఫాదర్‌కి మనసులో ఉన్నదంతా అప్పజెప్పడమే ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పక్కర్లేనిది ఒకటి తనకంటూ ఉండడం ఇదే మొదలు. దాన్నేం చేసుకోవాలో తెలియక భయమేసింది. ఎవరైనా తిరిగి ఇచ్చేయమంటే మాత్రం ఇవ్వదు.