కడ్డీకి కట్టిన పసుపు దారం

వెండి ధర పెరిగిందని ఎవరైనా సంబరంగా చెబితే నాకు గుండెల్లో దడ మొదలవుతుంది. ఆరేళ్లుగా ఇదే వరస. వెండి దాచుకున్న మనిషికి రావలసిన జబ్బు కాదిది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో సాకులు వెతుక్కుంటానేమో. నమ్మకండి.

నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా వీధి చివర నాగరత్నం అక్క ఉంటుంది. భర్త పోయాక కోర్టు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. ఎండలో నిలబడే బాధ లేకుండా ఒక గది అద్దెకు తీసుకుని, నాలుగు బల్లలు వేసుకోవాలని ఆమె కోరిక. ఆ గది అడ్వాన్సు కోసం దాచుకున్న డబ్బును ఊరికే ఉంచడం ఎందుకని, నేను అర కిలో వెండి కడ్డీ కొంటున్నానని తెలిసి మా ఇంటికొచ్చింది. తనకూ ఒకటి కొనిపెట్టమంది.

వెండి గురించి వీధిలో అందరికీ పాఠం చెప్పేదాన్ని నేనే. పట్టీల వెండి వేరు, దాచుకునే వెండి వేరు. పట్టీల్లో గట్టిదనం కోసం రాగి కలుపుతారు, అమ్మబోతే ఆ మేరకు తరుగు తీస్తారు. దాచుకోవాలంటే వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది పాళ్లు వెండి ఉన్న కడ్డీయే కొనాలి. ఇన్ని చెప్పినదాన్ని బిల్లు లేకుండా కొన్నాను. పన్ను మిగులుతుందని ఆశ. పెద్ద కొట్టుకు కాకుండా తెలిసినవాళ్లు చెప్పిన ఒక వెండి బేరగాడి దగ్గరకు అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను.

రెండు కడ్డీల మీదా 999 అని ముద్ర ఉంది. ఆ అంకెలు ఎవరైనా కొట్టుకోవచ్చు. అతను రెండింటినీ టెస్టింగ్ మిషన్‌లో పెట్టి చూపించాడు. మిషన్ చూసేది పైపొరనే. కల్తీ వెండిని ఆమ్లంలో ఉడికిస్తే పైనున్న రాగి కరిగిపోయి, పైకి మటుకు మేలిమి వెండిలా కనిపిస్తుంది. ఇది నాకు తెలుసు. కడ్డీకి చిన్న రంధ్రం వేసి, లోపలి పొడిని పరీక్ష చేయమని అడగాలి. అడగబోయాను కూడా. అక్క తన కడ్డీని ఒళ్లోకి తీసుకుని, ఇంటికి తీసుకుపోయే లక్ష్మికి గాటు పెట్టకూడదంది. బేరగాడు వెంటనే అవునమ్మా అన్నాడు. ఆమెది వదిలేసి నాది మాత్రం తొలిపించుకుంటే బాగుండదని నేనూ ఊరుకున్నాను. అక్క అక్కడే సంచీలోంచి భరిణె తీసి, తన కడ్డీకి పసుపూ కుంకుమా పెట్టి, పసుపు దారం చుట్టింది. ఆమెకు బ్యాంకు లాకరు లేదు. రెండూ నా లాకర్లోనే పెట్టాను.

నెల తిరక్కుండానే అనుమానం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం రెండింటినీ కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లి నీళ్లలో తూచాను. అర కిలో మేలిమి వెండి నీళ్లలో నలభై ఎనిమిది గ్రాములు తక్కువ తూగుతుంది. తేలిక లోహం కలిస్తే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అక్కది సరిగ్గా అంతే తగ్గింది. నాది యాభై ఒకటి. మళ్లీ తూచాను. యాభై ఒకటే. నా కడ్డీ మూలన ఆకురాయితో లోతుగా గీకి, ఆ పొడి మీద నైట్రిక్ ఆసిడ్ వేశాను. మేలిమిదైతే రంగు మారకూడదు. నీలంగా తిరిగింది. రాగి. బాగానే కలిపాడు.

అప్పుడు చేతులు వాటంతట అవే ఆ పని చేశాయని రాయబోయాను. కాదు. ముందు వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాను. అక్క కడ్డీకి ఉన్న దారం ముడి బిగిసిపోయి ఉంది. తెంపితే తెలుస్తుందని గోటితో ఓపిగ్గా విప్పాను. దాన్ని నా కడ్డీకి చుట్టాను. గీకిన మూలను నునుపు చేశాను. ఇంటికెళ్లాక మా దేవుడి గూట్లోంచి పసుపూ కుంకుమా తీసి అద్దాను.

ఎందుకు? వీధికంతా పాఠం చెప్పినదాన్ని మోసపోయానంటే పరువు పోతుందని చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పరువు కోసమే అయితే, రెండు కడ్డీలూ ఉన్నచోటే ఉంచి నోరు మూసుకుంటే సరిపోయేది. దారం మార్చింది వెండి కోసమే.

నాలుగేళ్లకు అక్కకు కోర్టు ఎదురుగా గది దొరికింది. కడ్డీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తిప్పి చూసింది.

"కుంకం ఇంకా ఇంత ఎర్రగా ఉందేందే?"

"చెదిరిపోతే మళ్లీ పెట్టానక్కా."

"సొంత చెల్లెలైనా ఇంత కనిపెట్టుకోని ఉండదు" అని, అమ్మేటప్పుడు తూకంలో మోసం జరక్కుండా పక్కన ఉండమంది.

వెళ్లాను. వెళ్లకుండా ఎలా తప్పించుకోవాలో తోచలేదు. కొట్టువాళ్లు కడ్డీని ఆమె కళ్లముందే కరిగించి చూశారు. నూటికి అరవై పాళ్లే వెండి. అక్క నా మొహంలోకి చూసింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని ఆ క్షణంలోనే తెలుసు. నేనన్నది ఇదీ: "ఇద్దర్నీ మోసం చేశాడక్కా. నాదీ ఇంతే అయ్యుంటుంది." అని ఏడ్చాను. భయంతో వచ్చిన ఏడుపు అది. బేరగాడు ఊరు విడిచి చాలాకాలమైంది. బిల్లు లేదు కాబట్టి ఎక్కడా అడిగే దారి లేదు.

దారిలో అక్క తన కొంగుతో నా కళ్లు తుడిచింది. "ఏడవమాక. నువ్వేమన్నా కావాలని చేశావా? నీదీ పోయింది గదా" అంది.

అడ్వాన్సు చాల్లేదు. గది వేరేవాళ్లకు వెళ్లింది. అక్క ఇప్పటికీ ఎండలో బండి దగ్గరే నిలబడుతోంది. ధర పెరిగినప్పుడల్లా నన్ను ఆపి, "అరవైదైనా ఇప్పుడు మంచి రేటొస్తదంట, నీది అమ్మేయవే" అని నా మేలు కోరి చెబుతుంది. కాలేజీకి దగ్గరి దారి ఆ బండి మీదుగానే. నేను చుట్టు తిరిగి వెళ్తాను.

రేపు వెళ్లి ఆమెకు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో చూశారుగా. ఆమె ముందు నిలబడాలంటేనే భయం. చెబితే క్షమిస్తుందేమోనని కూడా భయమే.

ఆరేళ్లుగా లాకరు తెరిచిన ప్రతిసారీ 'నా వెండి' అనే అనుకున్నాను. లోపల ఎంత కుమిలిపోతున్నా ఆ మాట మార్చుకోలేదు. ఇవాళ మారుస్తున్నాను. నా లాకర్లో ఉన్నది నాగరత్నం అక్క వెండి. ఈ వాక్యం రాయడానికి పొద్దుటినుంచీ కూర్చున్నాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.