మూలమీది ఆపుడు

మా ఇంటి ముందు బల్ల మీద రోజూ సాయంత్రం ఒకటే పంచాయితీ. మా ఆయన వాయించిన బ్యాండులో దేనికి ఉత్తపుణ్యానికి పేరొచ్చింది, దేనికి రావాల్సినంత రాలేదు అని. అప్పటికి బ్యాండు మూలపడి ఏళ్లయింది. డీజే బండ్లు వచ్చాక పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు లేకపోయారు. క్లారినెట్ పెట్టె బీరువా మీదికి చేరింది, మా ఆయన లోపలి గదిలో మంచం పట్టాడు. నేను ముందుగదిలో చాయ్ కొట్టు పెట్టుకున్నాను. మా కొడుకు క్యాబు నడపడానికి పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు.

చాయ్ తాగడానికి వచ్చేవాళ్లంతా ఒకప్పుడు ఆ బ్యాండు వెంట ఎగిరి చెమటలు కార్చినవాళ్లే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులో బరాత్ వెళ్లినా ముందు మా ఎర్రకోట్లే కనపడేవి. ఆ కోట్లు నేనే ఉతికేదాన్ని. ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగి, బకెట్లో నీళ్లు కుంకుమ కలిపినట్టు అయ్యేవి.

పంచాయితీకి పెద్దలు ఇద్దరు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు, మా నల్లగొండ మనిషే, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఇంకొకాయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే సారు, తెనాలి దగ్గరి ఊరు. మా సందు చివర మలుపు మీద మేడ పైన అద్దెకుండేవాడు. ఇద్దరిలో ఒకరు లేకుండా ఇంకొకరికి చాయ్ దిగేది కాదు.

బ్యాండును మొదట కట్టింది బూర ఊదే ఒక మాస్టరు. ఆయనదీ కోస్తా వైపే. ఆయన వెళ్లిపోయాక మా ఆయనే ముందు నడిచాడు. కండక్టరన్నకు ఆ మాస్టరంటే పడేది కాదు.

"మాస్టరు మాస్టరని మస్తు ఎత్తుతరు గని సారూ, ఆయన బూరల అంత సీనేం లేదు. కోట్లు కుట్టిచ్చిండు, లైన్ల నడుసుడు నేర్పిండు. పెండ్లికి పోతున్నమా, పోలీసు పరేడ్‌కు పోతున్నమా తెల్వకపోయేది."

"లైన్లో నడిపించడం తక్కువ పనేం కాదండి" అనేవాడు సారు. "మీరు అన్నేళ్లు టికెట్లు కొట్టారు కదా, బస్టాపులో ఒక్కళ్లనైనా లైన్లో నిలబెట్టగలిగారా?"

"గది నిజమే. మనోళ్లు లైన్ కట్టేసరికి బస్సు ఎల్బీనగర్‌ల ఉంటది."

ఇట్లా నవ్వుకుంటూనే మాస్టరును, కోట్లను, జానపదం వరసలను ఒక్కొక్కటీ తూకం వేసేవాళ్లు. ఒక్కదాని దగ్గర మాత్రం కండక్టరన్న నవ్వేవాడు కాదు. దాన్ని అందరూ మూలమీది ఆపుడు అనేవాళ్లు.

బరాత్ పెళ్లింటి సందు మలుపుకు వచ్చేసరికి మా ఆయన ఎడమచేయి క్లారినెట్ మీంచి తీసి పైకెత్తేవాడు. బ్యాండంతా ఒక్కసారిగా ఆగిపోయేది. ఎగిరేవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడేవాళ్లు. గుర్రం మీద పెళ్లికొడుకు కూడా ఊపిరి బిగబట్టేవాడు. మళ్లీ ఆయన చేయి దించాడో లేదో పెద్ద డ్రమ్ము పిడుగు పడ్డట్టు మోగేది, సందంతా ఈలలు. ఆ ఆపుడు కోసమే మా బ్యాండును మాట్లాడుకునే పెళ్లివాళ్లు ఉండేవారు.

అదెట్లా పుట్టిందో ఇద్దరికే తెలుసు మా ఆయన కాక. నాకు, పెద్ద డ్రమ్ము వాయించే ఆయనకు. ఊరి నుంచి వచ్చిన కొత్తలో మా ఆయన తుర్కయంజాల్ దిక్కున కంకర మిషన్లో పని చేశాడు. పగలు రాళ్లు, సాయంత్రం క్లారినెట్. ఆ దుమ్ము లోపలికి పోయి గడ్డకట్టిందని దవాఖానలో ఫోటో తీసి చెప్పారు. సరూర్‌నగర్ చెరువు వైపు ఒక పెళ్లిలో మలుపు దగ్గర ఆయనకు ఊపిరి అందలేదు. ఆగమని చేయెత్తాడు. డ్రమ్మన్న ఆపాడు, మిగతావాళ్లూ ఆపారు. ఊపిరి తిరిగి వచ్చాక చేయి దించాడు. జనం ఈలలేసి, పైసలు విసిరి, ఇంకోసారి అన్నారు. తర్వాతి పెళ్లివాళ్లు అదే కావాలన్నారు. దమ్ము జబ్బు మనిషని తెలిస్తే శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. అట్లా ఆయన రోగం మా బ్యాండుకు పేరైంది.

సారు ఒక్కడే దాన్ని ఒప్పుకునేవాడు కాదు.

"ఆ ఆపడంలో ఏముందండీ? ఊరికే ఎత్తేశారు దాన్ని. అసలు వాయిద్యం దానికి ముందుండేది. మన సందులో పెళ్లి ఉంటే, మలుపు రాకముందు, మా మేడ కిందికి వచ్చేసరికి, ఆయనొక్కడే నెమ్మదిగా ఒక వరస తీసేవాడు చూడండి. మీరంతా అప్పుడు సోడాలు తాగుతూ ఉండేవాళ్లు. నేను కిటికీ దగ్గర నిలబడి వినేవాణ్ణి. అదీ ఆయన పని."

ఆ వరస సినిమాలోది కాదు. మా అత్త నాట్లేసేటప్పుడు తీసే కూనిరాగం. ఆమె పోయాక అది ఈయన వేళ్లలోకి వచ్చింది.

సారు ఆ మాట అన్న మొదటిరోజు నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్తే మా ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చుని ఉన్నాడు. అన్నాళ్లుగా తనంతట తాను లేచింది లేదు. "పరదా జర పక్కకు గుంజు" అన్నాడు. "ఆ సారు ఒక్కడే ఇన్నడు." అప్పటినుంచి సాయంత్రం కాగానే పరదా తీసిపెట్టమనేవాడు. బల్ల మీద ఎవరెవరున్నారని అడిగేవాడు. సారు గొంతు వినపడితేనే చాయ్ తాగేవాడు. బయట ఆయన ఆపుడును తీసిపారేస్తుంటే లోపల ఈయన ముఖం వెలిగేది. అది చూసి నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

అంతలో రాష్ట్రం కోసం కొట్లాట ముదిరింది. చౌరస్తాలో రోజూ ఊరేగింపులు, రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. దుకాణాల షట్టర్లు సగం దించే ఉండేవి. కాలిన టైర్ల మసి వచ్చి నా పాలగిన్నె మీద పడేది. కోచింగ్ సెంటర్ల బోర్డులు కొన్ని పగిలాయి. సందులో ఆడవాళ్లం కూడా నల్లా దగ్గర మాట తూచి మాట్లాడుకునేవాళ్లం. వినేవాళ్లు ఎటువైపువాళ్లో చూసుకుని.

ఒకరోజు కండక్టరన్న బల్ల మీద కూర్చుని చాయ్ ముట్టలేదు. ఆయన పెద్దకొడుకు ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిని చేయి విరిగి వచ్చాడు. ఆ సంగతి సారుకు తెలియదు. ఎవరో బ్యాండు ముచ్చట ఎత్తితే సారు ఎప్పటిలాగే, "ఆ ఆపడానికి అంత సీన్ లేదండి" అన్నాడు.

"మావోడు ఏం చేసినా మీకు సీను లేదనే కనపడ్తది సారూ" అన్నాడు కండక్టరన్న. "నౌకర్లల్ల గంతే, నీళ్లల్ల గంతే, ఆఖరికి బ్యాండుల గూడ గంతే."

"నేను వాయించడం గురించి అంటున్నానండి."

"మేం బతుకుడు గురించి అంటున్నం."

సారు గ్లాసు సగంలోనే కింద పెట్టాడు. లోపలి నుంచి మా ఆయన ఏదో అనబోయాడు, దగ్గు అడ్డం పడింది. నేను లోపలికి వెళ్లి వీపు నిమిరి బయటికి వచ్చేసరికి సారు సందు మలుపు తిరుగుతున్నాడు.

తర్వాత ఆయన రాలేదు. పిల్లల స్కూలు దగ్గరని చెప్పి ఇల్లు ఎల్బీనగర్‌కు మార్చాడు. స్కూలు కోసం కాదని అందరికీ తెలుసు. కండక్టరన్న మాత్రం రోజూ వచ్చి, పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చునేవాడు. ఎందుకన్నా అని నేనూ అడగలేదు.

మా ఆయనకు రోజురోజుకూ పాడైంది. నాలుగు మాటలంటే నడుమ రెండుసార్లు ఆగాలి. అయినా సాయంత్రం కాగానే, "సారు వచ్చిండా?" అనేవాడు. రాలేదంటే పరదా వేసేయమనేవాడు. చివరికి ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారి పిలువు. గా మాట మళ్లొక్కసారి ఇని పోత."

"ఏ మాట?"

"గా ముందటి వరస ముచ్చట. అందరు నేను ఆగింది ఇన్నరు. ఆయన వాయించింది ఇన్నడు."

ఆ రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. నడిచే వెళ్లాను. కొత్తపేట పండ్ల మార్కెట్ మూసి ఉంది, గేటు ముందు కుళ్లిన బత్తాయిల మీద ఈగలు ముసురుతున్నాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు ఎక్కడికని అడిగారు. మనిషి బాగలేడు, చుట్టాన్ని పిలవడానికి పోతున్నానన్నాను.

సారు తలుపు కొంచెమే తీసి, నన్ను చూసి పూర్తిగా తీశాడు. నీళ్లిచ్చాడు. సంగతి చెబితే తల వంచుకున్నాడు.

"రావాలనే ఉందమ్మా. ఆ బల్ల దగ్గరికి రావాలంటేనే మనసొప్పడం లేదు."

"బల్ల కాడికి కాదు సార్, మనిషి కాడికి రాండ్రి."

"నేనొచ్చి ఏం మాట్లాడాలమ్మా?"

"ఎప్పటిలెక్కనే మాట్లాడుండ్రి. ఇంకేం వద్దు."

మర్నాడు వచ్చాడు, చేతిలో కొబ్బరిబోండాల సంచి పట్టుకుని. కండక్టరన్న బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ పలకరించుకోలేదు, కాని లోపలికి మాత్రం ఇద్దరూ కలిసే వచ్చారు. డ్రమ్మన్న అప్పటికే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మంచం మీద మా ఆయనను చూసి సారు ముఖం పాలిపోయింది. ఎర్రకోటులో చూసిన మనిషి మరి. ఇప్పుడు పక్కటెముకలు ఒక్కొక్కటీ లేచి పడుతున్నాయి.

మా ఆయన నవ్వాడు. తనే మొదలుపెట్టాడు. "సారూ... ఆ ఆపుడు... ఏమంటరు మరి?"

ఆ అడగడం ఎందుకో నాకు తెలుసు. ఎప్పటిలాగే సారు దాన్ని కొట్టిపారేయాలి, ఆ వెనుకే కిటికీ దగ్గర విన్న వరస మాట రావాలి. సారు కండక్టరన్న వైపు చూశాడు. నా వైపు చూశాడు. మంచం పట్టెమీద కూర్చుని మా ఆయన చేయి తీసుకున్నాడు.

"ఇన్నాళ్లూ నేనే తప్పు మాట్లాడానండి. అట్లా ఆపడం నేనెక్కడా వినలేదు. అది మీకొక్కరికే చేతనయింది."

కండక్టరన్న కళ్లు తుడుచుకున్నాడు. "గిప్పుడన్నరు సారూ, మాటంటే గిది" అని ఆయన భుజం మీద చేయి వేశాడు. బయట ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో, నా ఇంట్లో ఆ ఇద్దరూ అట్లా కలిశారు. ఇంకొకరి ఇంట్లోనైతే అది చూసి నేను సంతోషపడేదాన్ని.

మా ఆయన వదల్లేదు. "మరి... గా ముందల... వాయించేది?"

"అదా, అదీ బాగానే ఉండేదండి" అన్నాడు సారు. "కానీ అసలు గొప్పంతా ఆ ఆపడంలోనే ఉంది."

మా ఆయన సరేనన్నట్టు తలూపి గోడవైపు తిరిగాడు. అలసిపోయాడనుకుని వాళ్లు చప్పుడు కాకుండా లేచారు. బల్ల మీద చాలాసేపు ఇద్దరి మాటలు వినిపించాయి, నవ్వులు కూడా. పరదా వేయనా అంటే, "సారు గూడ... ఆగిందే ఇన్నడు" అన్నాడు. అంతే.

"గా ఆపుడు సంగతి చెప్పొద్దని నువ్వే అంటివి. గిప్పుడన్న చెప్పనా?"

"చెప్తే... ఇంకేం మిగుల్తది? వాళ్లకు... గదొక్కటే యాదికున్నది."

ఆ వారం దాటలేదు.

పాడె లేపే ముందు కండక్టరన్న వచ్చి, పాతవాళ్లను నలుగురిని కూడగట్టానని, బ్యాండుతో పంపుదామని అన్నాడు. నేను కాదనలేదు. ఎర్రకోట్లు ఎవరికీ పట్టలేదు, మామూలు చొక్కాలతోనే నిలబడ్డారు. ఆయన నెమ్మది వరస ఎవరూ నేర్చుకోలేదు కాబట్టి ఒక సినిమా పాట అందుకున్నారు. మా కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. మా వైపు ఆడవాళ్లు ఇంటి దగ్గరే ఆగిపోతారు. నేను గడపలో నిలబడి ఉన్నాను. "మూల మీద ఆపుడు ఉండాలె, మర్వకుండ్రి" అని కండక్టరన్న అరిచి చెప్పడం వినపడింది.

మలుపు దగ్గర ఆపారు.

నిశ్శబ్దం. నాకు అలవాటే అది. పెళ్లిళ్లలో గుంపు వెనక నిలబడి, ఆయన చేయి ఎప్పుడు దిగుతుందా అని చూసేదాన్ని. అది దిగిందంటే ఊపిరి వచ్చిందని. ఆ రోజు కూడా అట్లాగే చూస్తూ నిలబడ్డాను. డ్రమ్మన్న కర్ర పైకెత్తి పాడె వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్లూ ఆ చేయి దిగితేనే వాయించాడు ఆయన. ఇప్పుడు ఎవరి చేయి కోసం చూస్తాడు? చూస్తూనే ఉండిపోయాడు. చివరికి వెనక నుంచి ఎవరో మెల్లగా తోస్తే కొట్టాడు.

దినాల భోజనంలో సారూ కండక్టరన్నా పక్కపక్కనే కూర్చున్నారు, డ్రమ్మన్న వాళ్లకు ఎదురుగా. నేను చారు పోస్తున్నాను.

"ఆ రోజు మరీ ఎక్కువసేపు ఆపేశారు కదండీ" అన్నాడు సారు. "ఆయనుండగా అంతసేపు ఆపేవాడు కాదు."

"ఔ సారూ, జర ఎక్కువైంది" అన్నాడు కండక్టరన్న.

"ఆఖరి పెండ్లిళ్లల్ల గింతకంటె ఎక్కువనే ఆగిండు సార్" అన్నాను నేను.

ఇద్దరూ చేతులు ఆపి నావైపు చూశారు. "చూశారా" అన్నాడు సారు, "పోనుపోనూ ఎంత పట్టు సాధించాడో." కండక్టరన్న గర్వంగా తలూపాడు. డ్రమ్మన్న విస్తరిలోంచి తలెత్తలేదు. నేను పక్క విస్తరి దగ్గర వంగాను.