అమ్మకు హిందీలో పెట్టిన పరీక్ష

ఆ రోజు పొద్దున్న లేచేసరికే ఎండ చురుక్కుమంటోంది. వైశాఖం. అమ్మను డాక్టరుకు చూపించాల్సిన రోజది. మతిమరుపు చూసే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు దొరకడానికే చాలా రోజులు పట్టింది కాబట్టి, ఏమైనా సరే తప్పకూడదనుకున్నాను. నేను పని చేసే కాంట్రాక్టరు ఆఫీసులో సెలవు అడిగితే, మీ తమ్ముడు తీసుకెళ్ళకూడదా అన్నారు. తమ్ముడు ఊరికి కాస్త దూరంలో, గమ్హరియాలో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. అమ్మ సంగతి ఎప్పుడెత్తినా ఫోన్లోనే, అదీ హిందీలోనే మాట్లాడతాడు. ‘దిఖా దో, దీదీ’ అంటాడు. చూపించెయ్ అని. ఆ ముక్కతో వాడి వంతు అయిపోతుంది.

అమ్మ నాతోనే ఉంటుంది, ఈ హిందీవాళ్ళ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సీతారాండేరా బస్తీలో. ఈ మధ్య ఆమె కుళాయి తిప్పి వదిలేస్తోంది. చెప్పిన మాటే మళ్ళీ చెబుతోంది. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి, పక్కింటావిడతో మాట్లాడుతూ కూర్చుండిపోయింది. అలాంటివి నాకూ జరుగుతాయి. కానీ పాలు మాడిన వాసన వచ్చినా అమ్మ లేవలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

ఆసుపత్రికి వెళ్ళే ముందు రెండు పనులు చక్కబెట్టుకోవాలి. అమ్మ కళ్ళద్దాల కాడ విరిగింది, దాన్ని బాగుచేయించాలి. రేషను తెచ్చుకోవాలి. రేషను కార్డు అమ్మ పేరున ఉంది, బియ్యం ఇవ్వాలంటే ఆమె వేలిముద్ర కావాలి. కళ్ళద్దాల షాపతను చూసి, సాయంత్రం రండి అన్నాడు. కళ్ళద్దాలు అక్కడే వదిలి రేషను షాపుకు వెళ్ళాం.

అక్కడి మిషను అమ్మ వేలిని గుర్తుపట్టలేదు. బొటనవేలు పెట్టింది, చూపుడు వేలు పెట్టింది, చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. అంట్లు తోమి, రుబ్బి, బొగ్గుల కుంపటి ఊది, ఇసుక మోసి అరిగిపోయిన వేళ్ళవి. షాపువాడు ఆమెతో ఏమీ అనలేదు. నాతో అన్నాడు, ముసలిదాని వేళ్ళలో ఏమీ మిగల్లేదని. వెనకున్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా అదే షాపుకు వస్తోంది. వాడికి ఆమె మొహం తెలుసు, ఇల్లు తెలుసు. అయినా మిషను ఒప్పుకుంటేనే ఆమె ఉన్నట్టట.

ఈలోగా పడమటి వైపు ఆకాశం ఇనుము రంగుకు తిరిగింది. ముందు దుమ్ము లేచింది, రేకులు దడదడలాడాయి. ఆ తర్వాత వాన, వానతో పాటు వడగళ్ళు. ఇక్కడ ఈ నెలల్లో మామూలే. పొద్దున్న నిప్పులు చెరిగి, మధ్యాహ్నానికి గాలివాన కొట్టి, సాయంత్రానికి ఏమీ జరగనట్టు ఎండ కాస్తుంది. ఆఖరికి అమ్మ ఉంగరపు వేలు పనికొచ్చింది. బియ్యం సంచీ తెలిసినవాళ్ళ కొట్లో పెట్టి, ఆటో ఎక్కేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఆటోకు పక్క పరదాలు ఉన్నాయి గాని చినుకులు ఆగలేదు. ఇంటికి వెళ్ళి చీర మార్చుకునే వ్యవధి లేదు.

ఆసుపత్రిలో కౌంటరు దగ్గర అమ్మాయి, ఎందుకింత లేటు, డాక్టరు గారు మీ కోసం కూర్చుంటారా అని కసురుకుంది. మేం లోపలికి వెళ్ళేసరికి అమ్మ వణుకుతోంది. గదిలో ఏసీ రయ్యిమంటోంది. తగ్గించమని అడిగాను. రిమోటు ఇక్కడ లేదన్నారు.

డాక్టరు కుర్రవాడు. చెడ్డవాడనను. కానీ తలెత్తి అమ్మను చూడలేదు. నన్ను చూసి, ఇంగ్లీషులో, ఎప్పటినుంచి అని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు నేను అడిగేవాటికి ఆవిడే జవాబు చెప్పాలి, మీరు అందించకూడదు అన్నాడు. సరేనన్నాను. అతను హిందీలో మొదలుపెట్టాడు.

అమ్మకు హిందీ రాదని కాదు. పెళ్ళై శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ ఊళ్ళో జీవితమంతా గడిపిన మనిషి. కూరగాయలు బేరమాడగలదు. ఆటోవాడు ఎక్కువ అడిగితే దులపగలదు. పక్కింటి బిహారీ కోడలికి పురుడొస్తే రాత్రంతా దగ్గర కూర్చుని ధైర్యం చెప్పింది, ఆ భాషలోనే. ఆమెకు బజారు హిందీ వచ్చు, అంతే. బడికి వెళ్ళినవాళ్ళ హిందీ రాదు.

మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకుని కాసేపయ్యాక చెప్పండి అన్నాడు. మేజ్, చాబీ, గులాబ్.

అమ్మ నా వైపు తిరిగింది. “మేజ్ అంటే ఏటి?”

మా ఇంట్లో దాన్ని టేబుల్ అంటాం, లేదంటే బల్ల అంటాం. నేను నోరు తెరిచేలోపే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. చెప్పొద్దు అన్నాడు. అమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మేజ్, మేజ్ అని పెదవుల్లో అనుకుంటూనే ఉంది. తాళంచెవీ గులాబీ ఆమె చెవిలోకి వెళ్ళనే లేదు.

తర్వాత, ఇది ఏ మౌసమ్ అని అడిగాడు. హిందీలో ఆ మాటకు రుతువనీ అర్థమే, వాతావరణమనీ అర్థమే. ఎవరైనా ఇంటిముందు నిలబడి మౌసమ్ ఎలా ఉందంటే, వానా ఎండా అనేగా చెబుతాం. అమ్మ తడిచీర సర్దుకుని, తన హిందీలో శ్రద్ధగా చెప్పింది. పొద్దున్న ఎండ, తర్వాత గాలిదుమారం, తర్వాత వాన, రాళ్ళు కూడా పడ్డాయి, ఇప్పుడు మాత్రం చలి. ఆ రోజు గురించి ఎవరు చెప్పినా అంతకన్నా సరిగ్గా చెప్పలేరు. అతను కాగితం మీద తప్పు గుర్తు పెట్టాడు. నేను కళ్ళారా చూశాను.

ఇక ఒక వాక్యం రాయమన్నాడు. ఆమె బడికి వెళ్ళలేదని నేను ముందే చెప్పాను. ఒక బొమ్మ చూసి అలాగే గియ్యమన్నాడు. కళ్ళద్దాలు షాపులో ఉన్నాయన్నాను. అతను తలూపి సున్నా వేసుకున్నాడు. అమ్మ అన్నిటికీ తప్పు చేసిన పిల్లలా నవ్వుతోంది. రేషను షాపులో నవ్విన నవ్వే అది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

చివరికి అతను నాతో అన్నాడు, జబ్బు బాగా ముదిరింది, ఒంటరిగా వదలొద్దు, మందులు రాస్తున్నాను అని. ఆమె ముందే అన్నాడు. ఆమె లేనట్టే అన్నాడు.

నేను లేవలేదు. ఈ పరీక్ష మళ్ళీ తెలుగులో పెట్టండి అన్నాను. అలా కుదరదన్నాడు. నేను తర్జుమా చేస్తానన్నాను. ఇంటివాళ్ళు చెయ్యకూడదు, రోగికి సాయం చేసేస్తారు అన్నాడు. అయితే మీవాళ్ళలోనే ఎవరినైనా పిలవండి అన్నాను. తెలుగు వచ్చినవాళ్ళు ఇక్కడెవరున్నారు మేడమ్ అన్నాడు.

ఆ మాటకు నా కోపం తలకెక్కింది. ఈ ఊరి కొలిమిలో మా తాతల నాటినుంచి ఎందరు తెలుగువాళ్ళ చెమట కారిందో లెక్కుందా? ఏ బస్తీలోకి వెళ్ళినా ఒక తెలుగు వీధి ఉంటుంది. మా నాన్న రోలింగ్ మిల్లులో పని చేసి చేసి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. ఇక్కడెవరున్నారు అని అడుగుతాడా?

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఊరుకోవే. గొడవెందుకు, ఎల్లిపోదాం పద.”

నేను తలుపు తీసి బయటికి వెళ్ళాను. వరండా నిండా జనం. సిగ్గు పడకుండా గొంతెత్తి, తెలుగులో అడిగాను. “ఇక్కడ తెలుగోళ్ళు ఎవరైనా ఉన్నారా?”

బెంచీల మీది తలలు లేచాయి. దుప్పట్ల బండి తోస్తున్న ఆవిడ ఆగింది. మందుల క్యూలో ఒకాయన చెయ్యెత్తాడు. ఎవరో పెద్దావిడ, ఏటమ్మా ఏటైంది అంటూ నా వైపు రాబోయింది. అప్పుడు ఎక్స్‌రే గది గుమ్మంలోంచి, మెడలో ఆసుపత్రి కార్డు వేసుకున్న ఒక నడివయసు మనిషి వచ్చాడు. తను ఎక్స్‌రే తీసే టెక్నీషియన్‌నని, టెక్కలి వైపు మనిషినని చెప్పాడు. సంగతి చెప్పాను. అతను డాక్టరు దగ్గరికి వెళ్ళి మర్యాదగా, నేను ఆసుపత్రి మనిషినే కదా సార్, ఆమెకేమీ కాను కదా అన్నాడు. డాక్టరు సరే కానివ్వండి అన్నాడు.

టెక్నీషియన్ కుర్చీ లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ముందు, చలేత్తందా అమ్మా అని అడిగి, ఎక్కడినుంచో ఒక దుప్పటి తెప్పించి కప్పాడు. ఆ రోజంతటిలో ఆమెకెలా ఉందో అడిగిన మొదటి మనిషి అతనే. డాక్టరు కొత్త మాటలు చెప్పాడు. అతను తెలుగులో చెప్పాడు. పడవ, తాళం, మల్లెపువ్వు. అమ్మ మూడూ తిరిగి చెప్పింది. ఏ నెలంటే వైశాఖం అంది. ఏ కాలమంటే, ఎండకాలం కాదేటి అని నవ్వింది. ఈసారి అది మామూలు నవ్వు. వంద నుంచి ఏడేసి తీసెయ్యమంటే చకచకా తీసేసింది. నేను డాక్టరు మొహంలోకి చూస్తున్నాను, ఇప్పుడేమంటావ్ అన్నట్టు.

కాసేపయ్యాక టెక్నీషియన్, ఇందాకా చెప్పిన మాటలేవో చెప్పండమ్మా అన్నాడు.

“ఏ మాటలు?” అంది అమ్మ.

గుర్తు చేశాడు, మూడు మాటలు చెప్పాను కదా అని. అమ్మ అతని మొహంలోకి ఆసక్తిగా చూసింది. అలాంటివేవీ తను విననట్టు చూసింది. సరే పోనీండి అని అతను మాట మార్చి, ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా అని అడిగాడు.

“నానూ, ఇదీ, ఆయనా. ఆయన బి షిఫ్టుకెల్లాడు బాబూ. వచ్చీసరికి కూర వొండాల. ఇక్కడే ఆలస్యమైపోనాది.”

మా నాన్న పోయి చాలా ఏళ్ళైంది.

టెక్నీషియన్ నా వైపు చూశాడు. ఆ మాట హిందీలో చెప్పాలా వద్దా అని అడుగుతున్నట్టు. నేను తలూపాను. అతను చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. నేను గెలుస్తాననుకుని అడిగిన పరీక్ష అది. హిందీలో పొడిపొడిగా జవాబులు చెప్పినంతసేపూ బయటపడనిది, మా భాషలో నోరు విప్పగానే బయటపడింది. కోపం పోలేదు గాని, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

డాక్టరు, నేను ముందే చెప్పాను కదా మేడమ్ అన్నాడు. అప్పుడు మాత్రం నేను ఊరుకోలేదు.

“మీరు చెప్పింది నిజం కావచ్చు. కానీ మీకు తెలిసి చెప్పలేదు. ఆమెకు మేజ్ తెలియదని తెలుసుకున్నారు, అంతే.”

అతను కాగితం మళ్ళీ చూసి, ఇందాక అనుకున్నంత ముదరలేదు, లెక్కలూ తెలివీ బాగానే ఉన్నాయి, థైరాయిడ్ పరీక్షా ఇంకో రక్తపరీక్షా చేయించి అప్పుడు మందు రాస్తాను అన్నాడు. క్షమించమని అనలేదు. కానీ ఆ చివరి మాటలు అమ్మను చూసి అన్నాడు. టెక్నీషియన్ వాటిని తెలుగులో చెప్పాడు.

బయటికి వచ్చేసరికి వాన వెలిసి, మళ్ళీ ఎండ. రోడ్డు మీదినుంచి ఆవిరి లేస్తోంది. రాలిన గుల్‌మొహర్ పూలు టైర్ల కింద పడి నలిగిపోయాయి. ఆటోలో అమ్మ చీర ఆరుతోంది. నేను ఏడుపు ఆపుకుంటూ బయటికి చూస్తున్నాను. ఆమె తనంతట తానే అంది.

“మీ నాన్న లేడని నాకు తెల్సునే. ఆ బాబు మనలాగ అడిగీసరికి, మనింట్లో ఉన్నట్టే అనిపించింది. అంతే.”

ఆమె తెలిసి చెప్పిందా, నన్ను ఊరడించడానికి చెప్పిందా, నాకు ఈనాటికీ తెలియదు.

ఇంటికి వచ్చాక తమ్ముడు ఫోన్ చేశాడు. డాక్టరు క్యా బోలా అన్నాడు, ఏమన్నాడని. తెలుగులో అడుగు చెబుతాను అన్నాను. దీదీ, మజాక్ మత్ కరో అన్నాడు, వేళాకోళం వద్దని. నేను ఫోన్ పెట్టేశాను. ఆదివారం వాడే వచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని, వచ్చీరాని తెలుగులో, అన్నం తిన్నావా అమ్మా అని అడిగాడు. దానికి నేను వాడిని మెచ్చుకోలేదు. అమ్మ మాత్రం రోజంతా సంబరపడింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువుందని తేలింది. మాత్రలు వేసుకున్నాక అమ్మలో కొంత చురుకు వచ్చింది. కొంతే. నాన్న షిఫ్టు సంగతి ఇప్పటికీ వారంలో ఒకటి రెండుసార్లు వస్తుంది.

తర్వాతి నెల మళ్ళీ వెళ్ళాం. టెక్నీషియన్ ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు గాని, ఎవరికో ఎక్స్‌రే తీస్తున్నాడు. డాక్టరు హిందీలో మొదలుపెట్టబోయి నన్ను చూసి ఆగాడు. ఆయన వచ్చేదాకా ఉంటాం అన్నాను. చాలాసేపు పట్టొచ్చు అన్నాడు. పట్టనివ్వండి అన్నాను. అమ్మ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.