వేరూ, గోలీలూ

సాయుధ పోరాటపు రోజులు. జనగామలో రైలెక్కిన ఒక అవ్వ నా సంచిలో స్టెతస్కోపు చూసి, కొంగుముడి విప్పి, సల్ఫా గోలీల పొట్లం చూపింది.

"కొడుక్కు తూటా దాకింది బిడ్డా. గివి ఏస్తున్నా పుండు మానుతలేదు."

నొప్పి తెలియకుండా మత్తుకని సర్పగంధి వేరు కూడా తాగిస్తోందట. దాంతో విరేచనాలు పట్టుకున్నాయట.

మెడిసిన్ చదువుతున్నవాణ్ని, ఠక్కున చెప్పేశాను. "వేరు ఆపవ్వా. గోలీ ఒంటికి పట్టకముందే బయటికి పోతోంది."

"ఆపితే నిద్ర వట్టదు, కేకలేస్తడు. అడవిల వానితోని ఇంకొందరున్నరు. పోలీసులు ఇంటే అందరు పోతరు."



మానుకోటలో ఆమె దిగింది. పొట్లం బల్లమీదే ఉంది. మరిచిపోయిందనుకుని కిటికీలోంచి అందించాను.

ఆమె చెయ్యి చాపలేదు.

"ఉండనీ బిడ్డా. వేరు సాలు."